కొన్న బొంగరం ఎందుకు తిరగదు?

పాత ఆటవస్తువులకు మళ్ళీ గిరాకీ వచ్చింది. దసరా, సంక్రాంతి రోజుల్లో విజయవాడ, గుంటూరుల్లో పెట్టే ఎగ్జిబిషన్లలో, హస్తకళల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో బొంగరాలు, గోళీలు, లక్కపిడతలు, టిన్ను పడవలు కనిపిస్తున్నాయి. కొనేవాళ్ళలో ఎక్కువమంది నలభై దాటినవాళ్ళు. ముచ్చటపడి ఇంటికి తెచ్చి పిల్లల చేతిలో పెడతారు. పిల్లవాడు నాలుగుసార్లు విసురుతాడు. నాలుగుసార్లూ బొంగరం పక్కకు పడి సోఫా కిందికి దొర్లుతుంది. అయిదోసారి ఉండదు, ఫోను చేతిలోకి వస్తుంది. ‘ఈ కాలం పిల్లలకు ఇవి పట్టవులే’ అని పెద్దవాళ్ళు తేల్చేస్తారు.

ఆ మాట చాలావరకు అన్యాయం. తిరగని బొంగరాన్ని ఏ కాలం పిల్లలైనా పక్కన పడేస్తారు. 1980ల్లో విజయవాడ సత్యనారాయణపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో పుట్టిన పిల్లవాడైనా అంతే చేసేవాడు. తేడా ఏమిటంటే, అప్పట్లో ఆటవస్తువు సగం తయారై మాత్రమే చేతికొచ్చేది. మిగతా సగం వీధిలో పూర్తయ్యేది. మేకు సరిచేసే కమ్మరి ఉండేవాడు, తాడు చుట్టడం నేర్పే పెద్ద పిల్లలు ఉండేవాళ్ళు, ఆడుకోవడానికి గట్టి నేల ఉండేది. ఇప్పుడు అమ్ముతున్నది ఆ మొదటి సగమే. దాన్ని పూర్తి వస్తువు అనుకుని కొంటున్నారు. రెండో సగం ఏమిటో తెలిస్తే పాత ఆటలు ఈ రోజుకీ ఆడతాయి.

బొంగరంతోనే మొదలుపెడితే, మొదట చూడాల్సింది బరువు. ఆడే బొంగరం 5 నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు ఉంటుంది, పట్టుకుంటే చేతికి బరువు తెలుస్తుంది. తుమ్మ, చింత లాంటి చేవగల కర్రతో తరిణె (కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టినవి మంచివి. రంగులు వేసి అందంగా అమ్మేవాటిలో చాలా వాటికి మెత్తటి, తేలిక కర్ర వాడతారు. తేలిక బొంగరం ఎంత వేగంగా తిరిగినా ఆ వేగాన్ని నిలుపుకోలేదు. పైగా మెత్తటి కర్రలో మేకు నాలుగు దెబ్బలకే వదులవుతుంది. గిరి గీసి, లోపల పెట్టిన బొంగరాలను మేకుతో కొట్టే ఆటలో అయితే మొదటి రోజే చీలిపోతుంది.

రెండోది మేకు. చాలాసార్లు లోపం ఇక్కడే ఉంటుంది. మేకు బొంగరం నడుమ గీతకు ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయినా, కొంచెం వాలినా బొంగరం నిలకడగా తిరగదు, గజగజ ఊగి పడిపోతుంది. పరీక్ష సులువు. స్టీలు పళ్ళెంలో బొంగరాన్ని నిలబెట్టి, పై నుంచి వేళ్ళతో నెమ్మదిగా తిప్పాలి. మేకు మొన ఒకే చోట ఉంటే సరే, మొన చిన్న సున్నా చుడుతుంటే మేకు తప్పు.

తప్పు మేకును సుత్తితో కొట్టి వంచి సరిచేయాలని చూస్తే కర్ర పగులుతుంది. పట్టకారుతో మేకు లాగేసి, ఆ రంధ్రంలో ఫెవికాల్ పూసిన వెదురు చీల దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనివ్వాలి. మర్నాడు చీలను కర్రతో సమంగా కోసేయాలి. తరిణె పట్టిన కర్ర కింది కొసన గుండ్రటి గీతలు కనిపిస్తాయి, వాటి నడుమే అసలు కేంద్రం. అక్కడ గుర్తు పెట్టి, 3 మిల్లీమీటర్ల మేకుకు 2 మిల్లీమీటర్ల బరమాతో 20 నుంచి 25 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేయాలి. బరమా నిటారుగా ఉందో లేదో ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసుకోవాలి. ఒక వైపు నుంచే చూస్తే రెండో వైపు వాలు కంటికి కనబడదు. రంధ్రం వేయకుండా నేరుగా మేకు కొడితే కర్ర నారవెంట చీలుతుంది. మేకు దిగాక బయట 10 మిల్లీమీటర్లు వదిలి, తల హాక్సా బ్లేడుతో కోసి, కొసను ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. ఇంతకంటే పొడవు వదిలితే బొంగరం ఎత్తు పెరిగి త్వరగా తూలుతుంది. మరీ పొట్టిదైతే ఒరిగినప్పుడు కర్ర నేలను రాస్తుంది. మొన సూదిగా ఉంటే మట్టిలో దిగబడుతుంది. గుండ్రటి మొన సిమెంటు మీద కూడా ఒకచోట నిలబడి తిరుగుతుంది.

మూడోది తాడు. ప్యాకెట్లో వచ్చే నైలాన్ తాడు నున్నగా ఉండి చుట్టు జారిపోతుంది. 3 మిల్లీమీటర్ల నూలుతాడు కావాలి. పొడవు ఎంతో లెక్క కట్టుకోవచ్చు: బొంగరం కింది సగంలో ఒక చుట్టుకు సగటున 9 నుంచి 10 సెంటీమీటర్లు పడుతుంది. పన్నెండు చుట్లంటే దాదాపు 1.2 మీటర్లు. వేలికి తగిలించుకోవడానికి ఇంకో జానెడు కలుపుకుంటే చాలు. ఒక కొసన ముడి వేసి విడివిడి పోగులుగా వదిలేయాలి, రెండో కొసకు చిల్లు పొడిచిన సోడామూత కట్టాలి. ఆ మూత రెండు వేళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, విసిరినప్పుడు తాడు చేజారదు. చుట్టే ముందు పోగుల కొసను తడిపి మేకు మొదట్లో అదిమి పట్టి, మేకు దగ్గర నుంచి పైకి, చుట్టు పక్కన చుట్టు ఆనుకునేలా బిగించి చుట్టాలి. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కిందంటే విప్పి మళ్ళీ చుట్టాల్సిందే. ఎక్కిన చోట తాడు ఇరుక్కుని బొంగరం తాడుతో సహా వెనక్కి వస్తుంది. ఎదుటివాళ్ళకు దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇలాగే.

విసరడంలో కొత్తవాళ్ళంతా చేసే పొరపాటు ఒకటే. బలమంతా ముందుకు విసరడంలో పెడతారు. బొంగరాన్ని తిప్పేది విసురు కాదు, తాడు లాగుడు. మోకాలి ఎత్తు నుంచి, మేకు కిందికి ఉండేలా, ముందుకు వదిలి, తాడు చివరి రెండు మూడు చుట్లలో ఉండగా చేతిని చటుక్కున వెనక్కి లాగాలి. లాగడం ఆలస్యమైతే తాడు విప్పుకోకముందే బొంగరం నేల తాకి దొర్లుతుంది. భుజం పై నుంచి గురిచూసి కొట్టే విసురు ఇది బాగా వచ్చాక నేర్చుకోవాల్సింది.

ఇక నేల. ఈ విషయాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అపార్టుమెంటు హాల్లో వేసే నున్నటి టైల్స్ మీద మేకుకు పట్టు దొరకదు, బొంగరం గది అంతా తిరిగి గోడకు కొట్టుకుంటుంది. టైలు మీద గీత పడితే ఇంట్లో కేకలు. అదే అపార్టుమెంటులో కింద సెల్లారులో కారు పార్కింగ్ నేల గరుకు సిమెంటు. బొంగరానికి ఊళ్ళో అంతకంటే మంచి చోటు దొరకదు. గోళీలకు మాత్రం అది పనికిరాదు, గుంట కావాలి. గుంటూరు నల్లరేగడి ఎండాకాలం నెర్రెలు బారుతుంది, వానాకాలం గోళీకి అంటుకుంటుంది. ఖాళీ స్థలంలో నాలుగు గంపల గ్రావెల్ పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిస కొడితే ఏడాది పొడవునా ఆడుకోవచ్చు. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో గోళీలు అందే చోట ఉండకూడదు. గొంతులో అడ్డుపడే ప్రమాదం నిజమైనది.

కర్ర విషయం కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జ్ఞాపకాల మోజులో జరిగే కొనుగోళ్ళు ఎక్కువగా ఇక్కడే పొరపాటు పడతాయి. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కొండపల్లి బొమ్మ పుట్టేది తెల్లపొణికి కర్రలో. అది ఎంత మెత్తన అంటే గోరుతో నొక్కితే గుంట పడుతుంది. ఆ మెత్తదనం వల్లే ఏనుగు అంబారీ, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, దశావతారాలు అంత సన్నగా చెక్కగలుగుతారు. ముందు కర్రను సన్నటి సెగ మీద పెట్టి తేమ పోగొడతారు. చేతులు, కాళ్ళు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పైన సున్నపు పూత పూసి, ఆరాక రంగులు వేస్తారు. బొమ్మల కొలువులో మెట్ల మీద నిలబడడానికి చేసిన బొమ్మ ఇది. రెండేళ్ళ పిల్లవాడు నేలకేసి కొడితే మక్కు అతుకు దగ్గర ఊడుతుంది, నోట్లో పెట్టుకుంటే రంగు, తడి రెండూ సమస్యే. ఊడిన చెయ్యిని మెత్తటి రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్దతో అతికి, ఒక రోజు కదపకుండా ఉంచితే నిలుస్తుంది. దుమ్ము దులపడానికి పొడి కుంచె వాడాలి. తడిగుడ్డ పెడితే సున్నపు పూత కిందికి తేమ దిగి పొర లేస్తుంది.

చేతికిచ్చి ఆడించడానికి ఏటికొప్పాక లక్కబొమ్మలు మేలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు కర్ర వాడతారు. తరిణె మీద కర్ర గిర్రున తిరుగుతుండగా రంగు కలిపిన లక్కను ఒత్తిపడితే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. మొగలి ఆకుతో రుద్ది నునుపు తెస్తారు. లక్కపిడతల సెట్టు ఎంత ఆడినా చెక్కుచెదరదు కానీ దానికి ఇద్దరు శత్రువులున్నారు. ఒకటి ఎండ: మే నెలలో విజయవాడలో ఎండకు నిలిపిన కారులో వదిలేస్తే పూత మెత్తబడి పిడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రెండోది శానిటైజరు: లక్క స్పిరిట్‌లో కరిగే పదార్థం, ఒక్క తుడుపుకే మెరుపు పోయి జిగట తేలుతుంది. కొద్దిగా కొబ్బరినూనె అద్దిన మెత్తటి గుడ్డ చాలు.

బొమ్మల నాణ్యత మీద కేంద్రం 2020లో ఇచ్చిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ళలోపు పిల్లల కోసం అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసేవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలపై ఆ గుర్తు లేకపోవడం లోపం కాదు. ఫ్యాక్టరీలో అచ్చుపోసిన ‘పాతకాలం’ ప్లాస్టిక్ బొంగరంపై లేకపోతే మాత్రం కొనకూడదు.

విజయవాడ పిల్లలకు తేలిగ్గా దొరికేది ఒకటుండేది: సినిమా రీలు ముక్కలు. తెలుగు సినిమా పంపిణీకి అక్కడి గాంధీనగర్ కేంద్రంగా ఉండేది. ఆఫీసుల్లో, థియేటర్ల ప్రొజెక్టరు గదుల్లో తెగిన రీలు ముక్కలు చేతులు మారి వీధుల్లోకి వచ్చేవి. మాడిపోయిన బల్బులో ఫిలమెంటు తీసేసి నీళ్ళు నింపితే అదే లెన్సు. బయట అద్దం పెట్టి ఎండను చీకటి గదిలోకి మళ్ళించి, ఆ వెలుగులో ఫిల్మును, దానికీ గోడకూ మధ్య బల్బును పట్టుకుంటే గోడ మీద హీరో పడేవాడు.

ఈ ఆట చాలామందికి మసక వెలుగుగా మాత్రమే గుర్తుంటుంది, కారణం దూరం కుదరకపోవడం. 6 సెంటీమీటర్ల బల్బులో నీళ్ళు నింపితే దాని నాభి (వెలుగు ఒక చుక్కగా కూడే చోటు) బల్బు గాజుకు సరిగ్గా 3 సెంటీమీటర్ల అవతల పడుతుంది. ఫిల్మును అంతకంటే దగ్గర పెడితే గోడ మీద బొమ్మే పడదు. 3 సెంటీమీటర్లకు ఒక వెంట్రుకవాసి అవతల పెడితే, రెండు మీటర్ల దూరంలోని గోడ మీద ఒక్క ఫ్రేము రెండడుగులకు పైగా పరుచుకుంటుంది. బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి ఫిల్మును తిరగేసి పట్టాలి. గోళం కావడం వల్ల నడుమే స్పష్టంగా ఉండి అంచులు చెదురుతాయి, అది బల్బు గుణం. ఎంత సవరించినా పోదు.

థియేటర్లు డిజిటల్‌కు మారాక రీళ్ళు రావడం ఆగింది. పగలగొట్టిన బల్బు గాజును ఎనిమిదేళ్ళ పిల్లల చేతికి ఇవ్వడమూ మంచిది కాదు. కానీ ఆట అంతా అలాగే ఉంచి, సామాను మార్చుకోవచ్చు. స్టేషనరీ షాపులో దొరికే భూతద్దం తీసుకుని, కిటికీకి ఎదురు గోడ దగ్గర పట్టుకుని, కిటికీ బొమ్మ గోడ మీద స్పష్టంగా పడే దూరం స్కేలుతో కొలవాలి. అది 20 సెంటీమీటర్లు అనుకుందాం. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద నల్ల మార్కరుతో 5 సెంటీమీటర్ల బొమ్మ గీసి, భూతద్దానికి 22 సెంటీమీటర్ల దూరంలో, అట్టపెట్టెకు కోసిన చీలికలో దూర్చాలి. గోడ రెండు మీటర్ల దూరంలో ఉంటే బొమ్మ 45 సెంటీమీటర్లు పడుతుంది. పిల్లలు తామే గీసిన బొమ్మ గోడ మీద అంత పెద్దదిగా చూసుకోవడంలో ఉన్న సంతోషం రీలు ముక్క ఇచ్చిన సంతోషం కంటే తక్కువది కాదు. వెలుగు కోసం బయట నిలబెట్టిన అద్దాన్ని కొన్ని నిమిషాలకోసారి కదపాలి, సూర్యుడు ఆగడు కదా. భూతద్దానికి అవతల ఎండ ఒక చుక్కగా కూడే చోట వేలు పెట్టనివ్వకూడదు, కాలుతుంది. అద్దంలోకి నేరుగా చూడనివ్వకూడదు.

తిరునాళ్ళ టిన్ను పడవ మీద ఫిర్యాదులు అన్నిటికంటే ఎక్కువ. ‘దీపం వెలిగించినా కదల్లేదు’ అంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే, లోపల నీళ్ళు లేవు. 1891లో థామస్ పియో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్న ఈ పడవలో యంత్రం అంటూ ఏమీ లేదు. పల్చటి రేకు డబ్బా, దాని నుంచి వెనక్కి వచ్చే రెండు గొట్టాలు, అంతే. డబ్బాలో నీరు ఆవిరై గొట్టాల్లోని నీటిని వెనక్కి నెడుతుంది, ఆవిరి చల్లబడగానే నీరు మళ్ళీ లోపలికి వస్తుంది, ఆ లాగుడు తోపుడులో పైరేకు టకటకమంటుంది. బయటికి నెట్టినప్పుడు నీరు ఒకే దిక్కున ధారగా పోతుంది, లోపలికి పీల్చినప్పుడు నలువైపుల నుంచీ వస్తుంది. అందుకే పడవ ముందుకే పోతుంది.

డ్రాపరుతో ఒక గొట్టంలోకి నీళ్ళు ఎక్కిస్తూ రెండో గొట్టంలో నుంచి బొట్లు పడేదాకా నింపాలి. రెండు గొట్టాల కొసలనూ వేళ్ళతో మూసి పడవను టబ్బులో పెట్టి, కొసలు నీళ్ళలో మునిగాకే వేళ్ళు తీయాలి. ముందే తీస్తే గాలి చేరుతుంది. తర్వాత నూనెలో తడిపిన చిన్న ఒత్తిని వెలిగించి, మంట డబ్బా అడుగును తాకేలా లోపలికి జరపాలి. కొద్దిసేపట్లో చప్పుడు మొదలవుతుంది. మొదలు కాకపోతే ఆర్పి, చల్లారాక మళ్ళీ నీళ్ళు నింపాలి. నీళ్ళు లేకుండా మంట కొనసాగిస్తే టంకం కరిగి పడవ పనికిరాకుండా పోతుంది. పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఇది ఆడకూడదు, ఆడాక రేకు చల్లారేదాకా ముట్టకూడదు.

వామనగుంటలకు ఇంత తతంగం లేదు. పద్నాలుగు గుంటలు, గుంటకు అయిదు చొప్పున 70 చింతగింజలు. చెక్కపలక లేకపోతే కోడిగుడ్ల అట్ట ట్రేలో ఆరేసి గుంటల వరసలు రెండు కోసి, వరసకు ఇంకో గుంట చొప్పున చేర్చుకుంటే సరిపోతుంది. టైల్స్ నేల మీద, పదో అంతస్తులో, వాన పడుతున్నప్పుడు కూడా ఆడగలిగినది ఇదే. అందుకే పాతవాటిలో తొందరగా పిల్లలకు అలవాటయ్యేదీ ఇదే.

ముంజకాయల బండి మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు. విజయవాడ, గుంటూరు రోడ్ల పక్కన ఏప్రిల్ నుంచి ముంజల బండ్లు నిలుస్తాయి. ముంజలు తీసేసిన కాయలు అక్కడే గుట్టగా పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఒకే సైజువి రెండు ఎంచుకోవాలి. ఒకటి చిన్నదైతే బండి ఎప్పుడూ ఆ వైపుకే తిరుగుతుంది. బొటనవేలంత లావు, 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న కర్రను రెండు కొసలా చెక్కి, కాయలో మూడు గుంటలకు నడుమ ఉన్న భాగంలో బిగువుగా దించాలి. ఇరుసుకు కాయలు గట్టిగా పట్టి ఉండాలి, ఇరుసే తిరగాలి. కాయ ఇరుసు మీద వదులుగా తిరిగితే చిల్లు పెద్దదై గంటలోపే ఊడిపోతుంది. మూడు నాలుగడుగుల పంగలకర్ర తీసుకుని పంగను ఇరుసు నడుమ ఆనించి తోయడమే. పంగ తగిలే చోట ఇరుసు మీద బెరడు తీసేసి కొద్దిగా నూనె రాస్తే తేలికగా దొర్లుతుంది. రెండు మూడు రోజుల్లో కాయ ఎండి కుంచించుకుపోతుంది, చిల్లు వదులవుతుంది. అప్పుడు కొత్త కాయలు తెచ్చుకుని పాత ఇరుసే వాడుకోవచ్చు. ఈ అవకాశం జూన్ దాకానే. ఆ తర్వాత ముంజ ముదిరి టెంక గట్టిపడుతుంది, పుల్ల దించడం పిల్లల చేతుల వల్ల కాదు.